రెండో మెట్టు మీద కేపో

ఇల్లు, ముందు గది
వానలు మొదలైన వారం

పిచ్చుకకు వదిన రాస్తున్నది,

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. మొన్న నువ్వు ఫోను చేసినప్పుడు అత్తయ్య నీ గొంతు విని మాట్లాడబోయారు. మాట రాలేదు. ఆ రోజంతా గోడవైపు తిరిగి పడుకున్నారు. పైగా ఇది రెండు గదుల ఇల్లు. ఇక్కడ ఏం మాట్లాడినా ఆవిడ చెవిన పడుతుంది. అర్థమవుతోందో లేదో మాత్రం ఎవరికీ తెలియదు.

నువ్వు సెలవు అయిపోయి వెళ్లాక జరిగినవి రాస్తాను. పక్షవాతం తగిలిన కుడి చెయ్యి కొంచెం లేస్తోంది. పట్టుకుంటే అడుగులు పడుతున్నాయి. మాట లేదు. ఏది అడిగినా తలూపుతారు. "టీ కావాలా" అన్నా ఊపుతారు, "టీ వద్దా" అన్నా ఊపుతారు.

అసలు చిక్కు కొట్టుది. ఫోటోలకు ఫ్రేములు కట్టే ఆ కొట్టు మూతపడి ఉందని గది యజమాని రెండుసార్లు వచ్చి వెళ్లాడు. వేరే ఎవరో అడుగుతున్నారట. వానలు వెనకబట్టేలోగా ఉంచుతారో ఖాళీ చేస్తారో చెప్పమన్నాడు. ఇచ్చేద్దామంటాడు మీ అన్నయ్య. "అమ్మని అడగాలి కదా" అన్నాను. "అమ్మకి అర్థమైతే అడుగుదువుగాని" అన్నాడు. ఇరవయ్యేళ్లు ఆవిడ ఒక్కతే నడిపిన కొట్టు అది.

ఇక కొత్త సంగతి. మాటలు నేర్పడానికి వచ్చే డాక్టరమ్మ నిన్న ఒకటి అడిగింది. "కొందరికి మాట పోయినా పాట మిగులుతుంది. ఈవిడ పని చేసుకుంటూ ఏమైనా పాడేవారా?" అద్దాలు కోస్తూ పాడేవారు గదా, ఆ సొంత పాట. నేనే అందుకున్నాను:

గాజుపలకా గాజుపలకా
గట్టిగ పడితే పగిలేవు
వదులుగ పడితే జారేవు
ఎట్లా పట్టను చెప్పవే

అత్తయ్య పెదవులు కదిలాయి. మూడోసారికి "గాజుపలకా" అని వినిపించింది. గొణుగుడు కాదు, మాట. డాక్టరమ్మ కూడా విన్నది. రోజూ పాడించమంది. వెనక ఏదైనా వాద్యం ఉంటే గొంతుకు ఆసరాగా ఉంటుందంది.

అటక మీది గిటారు దింపాను. నువ్వు నేర్పిన జీ, సీ, డీ పట్లు, అవే ఆ కార్డ్స్, మూడూ వేళ్లకు ఇంకా గుర్తున్నాయి. కానీ నేను జీలో మొదలుపెడితే అత్తయ్యకు అందడం లేదు. ఆవిడ తనంతట తాను పాడితే నాకంటే బాగా కింద మొదలుపెడతారు. అక్కడ వాయించడానికి నాకు పట్లు రావు. గిటారు మెడకు బిగించే క్లిప్పు ఒకటి ఉంటుందటగా, కేపో అని. అది పెడితే శ్రుతి పైకి పోతుందని మాత్రమే విన్నాను. నాకు కావలసింది కిందికి. దానితో పని జరుగుతుందా?

మీ వదిన


పనిచోటు, కిటికీ పక్క బల్ల

వదినా,

ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి అమ్మ కోసం, ఒకసారి గిటారు కోసం. అమ్మ నోట మాట వచ్చిందని మా మేస్త్రికి చెబితే పని ఆపి "ఏ శ్రుతిలో?" అన్నాడు. ఈ వీణలూ గిటార్లూ బాగుచేసేవాళ్లంతా ఇంతే.

మంచి ప్రశ్నే వేశావు. కేపో శ్రుతిని పైకే తీసుకుపోతుంది. అది అలసిపోని చూపుడువేలు అనుకో. గిటారు మెడ మీద అడ్డంగా లోహపు గీతలుంటాయి చూడు, రెండు గీతల నడుమ చోటే మెట్టు. తీగలన్నిటినీ ఒక మెట్టు దగ్గర అడ్డంగా నొక్కి పట్టుకుంటుంది. తీగ పొట్టిదవుతుంది, శ్రుతి పెరుగుతుంది. మెట్టుకు అరస్వరం చొప్పున. కానీ మనం ఇంకా కింద నుంచి బయలుదేరితే? జీ ఇంట్లో కాకుండా డీ ఇంట్లో కూర్చో, అంటే పాటను డీ శ్రుతిలో మొదలుపెట్టు. ఆ ఇంటికి డీ, జీ, ఏ అనే మూడు పట్లు చాలు. రెండు నీకు వచ్చు, ఏ ఒక్కటి నేర్చుకో, వేళ్లు ఎక్కడ పెట్టాలో కింద బొమ్మ గీశాను. డీ అన్నది జీ కంటే బాగా కింద. అది అమ్మకు మరీ కిందైతే కేపో మొదటి మెట్టు మీద పెట్టి చూడు. తర్వాత రెండో మెట్టు. ఆవిడ గొంతు ఎక్కడ సుఖంగా కూర్చుంటుందో అక్కడ ఆపు. మెట్లెక్కడానికి ముందు కిందికి దిగి నిలబడుతున్నావు, అంతే.

కొనకు. బజారులో మూడు రకాలుంటాయి. సాగే పట్టీతో కట్టేది తేలిక, కానీ పట్టు తప్పుతుంది. స్ప్రింగు క్లిప్పు ఒక్క చేత్తో పెట్టొచ్చు, కానీ ఎంత గట్టిగా నొక్కాలో అదే నిర్ణయిస్తుంది. మూడోది మరతో బిగించేది. కొంచెం ఆలస్యం, కానీ ఎంత కావాలో అంతే తిప్పుకోవచ్చు. నా సొరుగులో అలాంటిది ఉంది, మన గిటారుకు సరిపోయేదే. పంపుతున్నాను. మెట్టు మధ్యలో కాదు, లోహపు గీతకు కాస్త వెనకగా, దానికి దగ్గరగా పెట్టు. తీగ జీరపోకుండా మోగితే చాలు, అక్కడితో ఆపు.

కొట్టు సంగతి అన్నయ్యను ఒక్కణ్నే తేల్చనివ్వకు. అమ్మను అడగకుండా అమ్మ కొట్టు ఎవరిస్తారు? రోడ్డు మీద దొరికిందా?

పిచ్చుక


ఇల్లు, ముందు గది

పిచ్చుకకు,

కేపో అందింది. ఏ పట్టు వచ్చింది. అత్తయ్య గొంతు రెండో మెట్టు దగ్గర కుదిరింది. ఇంతవరకు మంచి కబురు.

చెడ్డ కబురు కూడా రాయాలి. మొదట కేపో పెడితే ఈ చివరా ఆ చివరా తీగలు జీరపోయాయి. నువ్వు చెప్పినట్టు మర తిప్పాను. ఇంకా జీరే. ఇంకా తిప్పాను. చివరికి అన్నీ శుభ్రంగా మోగాయి. ఆ తర్వాతే అత్తయ్యను కూర్చోబెట్టాను. "గాజుపలకా గాజుపలకా" అని చక్కగా పాడారు. రెండో పాదం దగ్గర ఆగిపోయారు. మొహం చిట్లించి, ఎడమ చేత్తో గిటారు మెడను పక్కకు నెట్టారు. మరునాడూ అంతే. వారమంతా అంతే. మొదటి పాదం, ఆగడం, నెట్టడం.

డాక్టరమ్మ వచ్చి చూసింది. "ఒక పాదం వరకే ధ్యాస నిలుస్తోంది. కంగారు పడకండి, కానీ ఎక్కువ ఆశించకండి" అంది. చెప్పింది విని ఏదైనా చేస్తారేమోనని తలుపు చూపించమంది, గడియారం చూపించమంది. దేనికీ చెయ్యెత్తలేదు, తల మాత్రం ఊపారు. ఈ సంగతి నీకు రాయకూడదనుకున్నాను. రాయకపోతే రేపు నువ్వే నన్ను నిలదీస్తావు.

మీ అన్నయ్య గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. "చూశావుగా. అడుగు అడుగు అంటావు. ఎవర్ని అడగమంటావు?" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

కేపో లేకుండా నా జీలో వాయిస్తే, అందక అవస్థపడుతూనే నాలుగు పాదాలూ పాడతారు. ఇది నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదు కాబట్టి రాస్తున్నాను. తీగలు వేళ్లను కోస్తున్నాయి, ఇక ఆపుతాను.

మీ వదిన


పనిచోటు

వదినా,

కొన్ని సంగతులు చూసి రాయి. ఎందుకో ఇప్పుడు చెప్పను. చెబితే నీకు అదే కనబడుతుంది. కోర్టు వార్తలు రాసేదానివి, సాక్షికి జవాబు అందించకూడదని నీకు నేను చెప్పాలా?

వేళ్లను కోస్తున్నాయన్నావు. తీగలు ప్లాస్టిక్ దారంలా మెత్తగా ఉన్నాయా, లోహమా? తీగల మీద అడ్డంగా ఒక స్కేలు నిలబెట్టు. ఆరింటినీ తాకుతోందా, ఊగుతోందా? ఫోనులో శ్రుతి చూపించే ట్యూనర్ ఉంటుంది, అది దించుకో. కేపో లేకుండా ఆరు తీగలూ సరిచెయ్యి. తర్వాత కేపో ఇప్పుడు బిగిస్తున్నంతే బిగించి, ఒక్కొక్క తీగా మళ్లీ చూడు. ముల్లు ఎటు పోతోందో రాయి. చివరగా, అమ్మ ఆగినప్పుడు నీ వేళ్లు ఏ పట్టు మీద ఉన్నాయి?

తొందరగా రాయి. నాకు ఇక్కడ పని మీద చెయ్యి ఆడటం లేదు.

పిచ్చుక


ఇల్లు, వంటగది గట్టు మీద

పిచ్చుకకు,

జవాబులు. తీగలు లోహానివి. స్కేలు ఉయ్యాలబల్లలా ఊగుతోంది. నడుమ తీగల మీద ఆనుతోంది, రెండు చివరలా వెలుతురు కనబడుతోంది. కేపో లేనప్పుడు ఆరు తీగలూ సరిగ్గా ఉన్నాయి. బిగించాక చివరి తీగలు దాదాపు సరిగ్గానే ఉన్నాయి. నడుమ రెండింటికీ ముల్లు కుడివైపుకు పోయి కూర్చుంది, అంటే శ్రుతి కంటే పైన. మూడుసార్లు తీసి పెట్టి చూశాను. మూడుసార్లూ అంతే.

అత్తయ్య ఆగేది జీ పట్టు మీద. రెండో పాదం మొదలయ్యేది దానితోనే. నాకు అనుమానం వచ్చి పాటను మార్చి చూశాను. మొదటి పాదాన్నే జీతో మొదలుపెట్టాను. ఈసారి నోరు తెరవనే లేదు, ముందే మెడ నెట్టేశారు. అంటే ఆగడానికి కారణం ఒక పాదం అయిపోవడం కాదు. ఆ పట్టు.

ఇందులో ఏదో ఉందని తెలుస్తోంది. ఏమిటో నువ్వు చెప్పు.

ఇంకొకటి. ప్లాస్టిక్ తీగలా అని నువ్వెందుకు అడిగావని ఆలోచించి, మీ అన్నయ్యను కూర్చోబెట్టి అడిగాను. ముందు "గిటారంటే గిటారే, తీగల్లో ఏముంది" అన్నాడు. నేను లేవలేదు. తర్వాత "అది పాతది కాదేమో" అన్నాడు. మరి పాతదేమైందన్నాను. నువ్వు ఉద్యోగానికి వెళ్లిన ఏడు, మంచం మీద దుప్పటి కింద ఉన్న నీ గిటారు మీద ఆయన కూర్చున్నాడట. మెడ విరిగింది. నీకు తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తావని, అదే రంగుది ఇంకొకటి తెచ్చి అటకెక్కించాడు. ఇన్నేళ్లుగా ఎవరూ దింపకపోతే తన అదృష్టం అనుకున్నాడు.

"చెప్పొద్దు" అన్నాడు. చెబుతానని ముందే చెప్పి రాస్తున్నాను.

మీ వదిన


పనిచోటు, కిటికీ పక్క బల్ల

వదినా,

అన్నయ్యకు చెప్పు, నేను ఇల్లు పీకను. ఆయన్నే పందిరేస్తాను. నా గిటారు మీద అంత మనిషి కూర్చుని, రంగు చూసి మరొకటి తెచ్చాడా? ముందు మా మేస్త్రి నవ్వడం ఆపితే నేను కోప్పడడం మొదలుపెడతాను.

ఇప్పుడు అసలు విషయం. నా పాత గిటారు మెత్తని తీగలది. దాని మెడ బల్లలా చదునుగా ఉంటుంది. దాన్నే మనసులో పెట్టుకుని చదును రబ్బరు ఉన్న కేపో పంపాను. నీ చేతిలో ఉన్నది లోహపు తీగలది, మెడ వంపు తిరిగి ఉంటుంది. వంపు మీద చదునుది పెడితే నడుమ తీగలు ముందే నలుగుతాయి, చివరివి అందవు, జీరపోతాయి. జీర పోగొట్టాలని నువ్వు బిగిస్తావు. చివరివి మోగుతాయి, ఈలోగా నడుమవి సాగి శ్రుతి పెరుగుతాయి. డీ పట్టులో నువ్వు మోగించేవి ఎక్కువగా ఒక పక్క తీగలే కాబట్టి అంత తెలియదు. జీలో ఆరూ మోగుతాయి, చివరివీ నడుమవీ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి.

నీకు వినబడలేదు. డాక్టరమ్మకు వినబడలేదు. అమ్మకు వినబడింది. ఆవిడ ధ్యాస పోయి ఆగలేదు వదినా. అపశ్రుతికి ఆగింది. మెడ నెట్టింది మన మీద విసుగుతో కాదు, "ఇది బాగాలేదు" అని చెప్పడానికి. వారం రోజులు ఆవిడ చెబుతూనే ఉంది.

దీంతో పాటు వంపు రబ్బరు ఉన్న కేపో పంపుతున్నాను. ఇదీ మర రకమే. మేస్త్రి తన బల్ల మీదిది తీసిచ్చాడు. మర మెల్లగా తిప్పు. జీర పోయిన క్షణాన ఆపు, ఒక్క చుట్టు కూడా ఎక్కువ వద్దు. పెట్టాక ట్యూనర్‌లో చూసుకో.

పిచ్చుక


ఇల్లు, ముందు గది
వానలు తగ్గుముఖం పట్టాక

పిచ్చుకకు,

కొత్త కేపో పెట్టిన రోజున అత్తయ్య నాలుగు పాదాలూ పాడారు. మాటలన్నీ స్పష్టంగా లేవు. "పగిలేవు" బాగా వచ్చింది, "జారేవు" నలిగింది. కానీ ఎక్కడా ఆగలేదు. పాట అయ్యాక మళ్లీ అన్నట్టు నా మోకాలు తట్టారు. డాక్టరమ్మ తన కాగితం మీద రాసుకున్నది కొట్టేసి కొత్తది రాసుకుంది. అడిగి, పాత కేపో కూడా చేతిలోకి తీసుకుని చూసింది.

నువ్వు సంబరపడే ముందు నా సందేహం చెబుతాను. శ్రుతి తెలియడం వేరు, మాట అర్థం కావడం వేరు. పాట గుర్తుండడం వేరు, తన ఇష్టం తాను చెప్పడం వేరు. మీ అన్నయ్య ఇదే అంటాడు, అందులో తప్పు లేదు. అందుకని ఒక పని చేశాను. చెప్పకుండా కేపోను నాలుగో మెట్టు మీద పెట్టి మొదలుపెట్టాను. అత్తయ్య "గాజు" అని ఆగారు. ఎడమ చెయ్యి చాచి, కేపో మీద కాదు, దాని కింది మెట్ల వైపు వేలు పెట్టి తట్టారు. మూడో మెట్టుకు దించాను. తల అడ్డంగా ఊపారు.

ఈ మాట మళ్లీ చదువు. అడ్డంగా. జబ్బు చేసిన నాటి నుంచి ఆ తల నిలువుగా తప్ప కదలలేదు. రెండో మెట్టుకు దించాను. పాడడం మొదలుపెట్టారు.

మీ అన్నయ్యను పిలిచి మళ్లీ చేసి చూపించాను. ఈసారి ఐదో మెట్టు నుంచి మొదలుపెట్టాను. ప్రతి మెట్టుకూ అడ్డంగా ఊపి, రెండో దాని దగ్గరే నిలిచారు. ఆయన కిందే కూర్చుండిపోయాడు. "అమ్మా, కొట్టు ఇచ్చేద్దామా" అని అడిగాడు. నిలువుగా ఊపారు. "పోనీ ఉంచుదామా?" మళ్లీ నిలువుగానే. ఆయన నా వైపు చూశాడు. అక్కడే నిలబడిపోయాం.

యజమాని వచ్చే వారాంతానికి వస్తానని కబురు పెట్టాడు. నీకేమైనా తోస్తే రాయి.

మీ వదిన


పనిచోటు

వదినా,

తోచింది చెబుతాను. కేపో దగ్గర నువ్వు అమ్మను ప్రశ్న అడగలేదు. వస్తువును ఆవిడ ముందు పెట్టావు, వాయించావు, ఆగావు. మిగతాది ఆవిడ చెప్పింది. కొట్టు గురించి ఇంట్లో మంచం పక్కన కూర్చుని అడిగితే అది ఉత్త మాట. ఆ మాట దారే కదా మూసుకుపోయింది. కొట్టుకే తీసుకుపో. గిటారు పట్టుకుపో. ప్రశ్నను ఆ పాట వరసలో పెట్టి సగం పాడి వదిలెయ్యి. అవునా కాదా అని అడగకు, జవాబు అందించకు.

అన్నయ్యకు మాత్రం చెప్పి ఉంచు. అమ్మ ఇవ్వదు. పందెం కాస్తాను.

పిచ్చుక


ఇల్లు, గుమ్మం మెట్టు మీద

పిచ్చుకకు,

పందెం ఓడిపోయావు. నేనూ ఓడిపోయాను, లోపల నేనూ అదే కాశాను.

శుక్రవారం కొట్టు తెరిచాం. దుమ్ము తుడిచి, అద్దాలు కోసే బల్ల ముందు అత్తయ్యను కుర్చీలో కూర్చోబెట్టాం. ఆవిడ ముందు చుట్టూ చూశారు. ఫ్రేము ముక్కల వరుసలు, గోడకు ఒరిగిన అట్టలు, ఎవరూ తీసుకెళ్లని ఒక పెళ్లి ఫోటో. ఆ ఫోటో వంకరగా ఉంటే మీ అన్నయ్య చేత సరిచేయించారు, వేలితోనే. చాలాసేపు నేను గిటారు ముట్టలేదు. తర్వాత రెండో మెట్టు మీద కేపో బిగించి, పాట చివరి పాదం వరసలో "కొట్టుని ఏం చేద్దాం" అని పాడి ఆగాను.

పక్క కొట్టులో షట్టర్ దింపిన చప్పుడు వచ్చింది. మీ అన్నయ్య ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

అదే శ్రుతిలో "ఇచ్చెయ్" అన్నారు.

నాకు వచ్చిన జవాబు నచ్చలేదు కాబట్టి నమ్మలేదు. శనివారం మళ్లీ తీసుకువెళ్లాను. ఈసారి "కొట్టు తెరిచే ఉంచుదాం" అని పూర్తిగా పాడాను, ఆవిడ వెనకే అనేస్తారేమో చూద్దామని. తల అడ్డంగా ఊపి, నా పాట మీదుగా "ఇచ్చెయ్" అన్నారు. తర్వాత ఎడమ అరచెయ్యి బల్ల మీద పరిచారు. "బల్ల" అని పాడారు. వరసలో రెండు స్వరాలు వదిలేసి, "ఇంటికి" అన్నారు.

మీ అన్నయ్య బయటికి వెళ్లి గట్టు మీద కూర్చున్నాడు. నేను వెళ్లాను. "నేను చెబుదామనుకున్నదీ ఇదే కదా" అన్నాడు. అవునన్నాను. "మరి నాకు ఇలా ఎందుకుంది?" అన్నాడు. పక్కన కూర్చున్నాను. యజమాని వచ్చినప్పుడు ఆయన "మా అమ్మ ఇచ్చేయమంది" అని చెప్పాడు. "మేం ఇచ్చేస్తున్నాం" అనలేదు. ఇది నేను చెవులారా విన్నది.

ఈ రోజు బల్ల తెచ్చాం. ఆ బల్ల బరువు నీకు తెలుసు. బండి అబ్బాయి ముందు, నేనూ మీ అన్నయ్యా వెనక. వీధి తలుపు రెక్క ఊడదీస్తేగాని లోపలికి రాలేదు. ముందు గదిలో సగం దూరం వచ్చి ఇరుక్కుంది. "ఎటు తిప్పమంటారు సార్?" అని బండి అబ్బాయి మీ అన్నయ్యను అడిగాడు.

"ఇటు" అన్నారు అత్తయ్య, మంచం మీంచి, కిటికీ వైపు చెయ్యి చూపిస్తూ.

గిటారు గోడకు ఆనించి ఉంది. ఎవరూ పాడటం లేదు. ఆ మాటకు వరస లేదు, శ్రుతి లేదు. పనివాళ్లతో అనే మామూలు మాట. నేనూ మీ అన్నయ్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చేతుల్లో బల్ల ఉంది, వదలడానికి లేదు.

ఇటే తిప్పాం.

మీ వదిన